మా ఇంటి మేనేజరుకి మర్యాద నేర్పిన వైనం

మీ ఒంట్లో కొవ్వు పేరుకుందా? ఇంట్లో మీ మాట చెల్లడం లేదా? చుట్టాల బెడద ఎక్కువైందా? అయితే జిమ్ముకి వెళ్లడం మానెయ్యండి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసెయ్యండి. ఒక పెద్ద కుక్కని తెచ్చుకోండి!

పెద్ద కుక్క అంటే నిజంగా పెద్దదే. ఒళ్లో కూర్చోబెట్టుకుని దువ్వెనతో దువ్వుకునే బొచ్చు బొమ్మల గురించి నేను మాట్లాడటం లేదు. మాది మాస్టిఫ్ జాతి. నిలబడితే దూడంత, పడుకుంటే పరుపంత. మొండితనంలో మా వంశం వాళ్లందర్నీ ఒక తక్కెట్లో వేస్తే ఎంతో అంత.

వచ్చినప్పుడు ఇంత లేదు లెండి. మా అమ్మాయి ఒక సాయంత్రం చేతిసంచిలో వేసుకొచ్చింది. "నాన్నా, చూడు ఎంత ముద్దొస్తోందో! ఇది పెద్దగా పెరగదట" అంది. ఎవరన్నారే అంటే, అమ్మినాయన అన్నాడట. నాకు దాని పాదాలు చూడగానే అనుమానం వచ్చింది. పిల్ల చూస్తే గుప్పెడు, పాదాలు చూస్తే నా అరచెయ్యంత. బూట్లు ముందే కొనేసుకుని, వాటికి సరిపడా మనిషిని తర్వాత పెంచుకునే రకం!

ఏకు మేకై కూర్చుంది అంటారు చూడండి, అలాగే కూర్చుంది. ఎక్కడ? నా కుర్చీలో.

నేను సోఫాలు కుట్టేవాణ్ణి. చదువు అబ్బక బడి మానేసిన మర్నాడే దబ్బనం పట్టుకున్నాను, ఇంకా వదల్లేదు. చిరిగిన రెక్సిన్ ఊడదీసి, తుప్పు పట్టిన స్ప్రింగులు మార్చి, కొత్త ఫోమ్ వేసి, మేకులు కొట్టి ఊళ్లో జనమంతా మెత్తగా కూర్చునే ఏర్పాటు చేస్తాను. పొద్దంతా పదిమంది కూర్చునే చోటు బాగుచేసి, నడుం పట్టేసి ఇంటికొస్తే నేను కూర్చునే చోట కుక్క! దీన్నే కర్మయోగం అంటారు. ఫలితం ఆశించకుండా పనిచెయ్యాలని పెద్దలు ఊరికే చెప్పలేదు. వాళ్లిళ్లల్లోనూ పెద్ద కుక్కలు ఉండుంటాయి.

దానికి మేనేజరు అని పేరు పెట్టింది మా అత్తగారు. ఆవిడ ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. హాలు మధ్యలో పడుకుని, తను ఒక్క పనీ చెయ్యకుండా, మిగతావాళ్లు చేసే ప్రతి పనినీ ఒంటికన్నుతో గమనిస్తూ, మధ్యమధ్యలో గుర్రుమనే ప్రాణిని ఏమని పిలవాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఇక లాభాల సంగతికి వద్దాం.

మొదటిది ఆరోగ్యం. నేను కుక్కని వాకింగుకి తీసుకెళ్తానని వీధిలో అందరూ అనుకుంటారు. గొలుసుకి ఆ చివర అది, ఈ చివర నేను. ఎవరు ఎవర్ని తీసుకెళ్తున్నారన్నది చూసేవాళ్ల చూపుని బట్టి ఉంటుంది. మొన్నొక ఉదయం మందుల షాపతను షట్టర్ ఎత్తుతూ కేకేశాడు.

"ఏం బాబాయ్, పొద్దున్నే ఎక్కడికా పరుగు?"

"నాకేం తెలుసురా? మేనేజర్ని అడుగు!"

అతను అడిగేలోపు మేము మలుపు తిరిగిపోయాం. నా పొట్ట తగ్గింది. కుడిచెయ్యి ఎడమచేతి కంటే కాస్త పొడుగైంది. ఏ జిమ్మువాడు చెయ్యగలడు ఈ పని?

రెండోది మనశ్శాంతి. మా బావమరిది సెలవు దొరికితే చాలు వచ్చేవాడు. వచ్చి, తిని, సోఫాలో వెనక్కి వాలి, "బావా, ఈ దబ్బనం పని ఇంకెన్నాళ్లు? ఏదైనా షోరూమ్ పెట్టొచ్చుగా" అని మొదలెట్టేవాడు. షోరూమ్ పెట్టడమంటే షోకేసులో బొమ్మ పెట్టడమనుకున్నాడు! ఒకరోజు మేనేజరు వెళ్లి అతని ఒళ్లో తల పెట్టింది. తల మాత్రమే. కరవలేదు, మొరగలేదు. ప్రేమగా చొంగ కార్చింది. బావమరిది బిగుసుకుపోయి, మధ్యాహ్నమంతా కదలకుండా, సీలింగు ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం నాకు ఒక్క సలహా కూడా అందలేదు. ఆ తర్వాత మనిషే రాలేదు.

మూడోది వినయం. ఇది అన్నిటికంటే గొప్పది. నేను ఒకరోజు గొంతు సవరించుకుని, వేలు చూపించి, "కూర్చో" అన్నాను. అది నా వంక చూసింది. కోపం లేదు, భయం లేదు. 'ఎందుకు?' అన్నట్టు చూసింది. నేను ఆలోచించాను. నిజమే, ఎందుకు? చివరికి నేనే కూర్చున్నాను.

ఇన్ని సుగుణాలున్న జీవికి ఒక్కటే ఒక్క దుర్గుణం. నేను సాయంత్రం ఇంటికి రావడం దానికి ఇష్టం.

ఇష్టమంటే మామూలు ఇష్టం కాదు. నేను వీధి మలుపు తిరిగేసరికే దానికి తెలిసిపోతుంది. గుమ్మంలో అడుగుపెట్టగానే రెండు ముందుకాళ్లూ నా భుజాల మీద వేసి, మనిషంత ఎత్తు నిలబడి, మొహమంతా నాకేస్తుంది. జిగురు వాసన, ఫోమ్ దుమ్ము, రోజంతా ఖాతాదారుల చేత తిన్న చీవాట్లు, అన్నీ ఒకే నాలుకతో శుభ్రం! క్యారేజీ ఒకవైపు, చెప్పులు ఒకవైపు, నేను గోడకి అతుక్కుని ఇంకోవైపు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చినవాణ్ణి యుద్ధం గెలిచి వచ్చినట్టు చూస్తుంది. నేను పుట్టాక, నేను వచ్చానని ఎవరూ అంత గంతులేసింది లేదు. ఇది చాలా తప్పు. ఎవర్ని చూసి సంబరపడాలో, ఎంత సంబరపడాలో నోరులేని జంతువుకి ఏం తెలుస్తుంది? మనుషులకైతే తెలుసు.

ఒక సాయంత్రం దానికీ నాకూ మధ్య మా అత్తగారు వచ్చారు. తలుపు తియ్యబోయారు, పాపం. మేనేజరు ఆవిణ్ణి దాటుకుని దూకింది. ఆవిడ వెళ్లి సోఫాలో పడ్డారు. నేను కుట్టిన సోఫా కాబట్టి మెత్తగా పడ్డారు.

"నాకేం కాలేదులేవే" అన్నారు అత్తగారు కూతురికి వినబడేలా, కళ్లజోడు వెతుక్కుంటూ.

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "చూడండి, ఇంకొక్కసారి మా అమ్మ కింద పడిందంటే ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

నేను ఒకసారి దాని వంకా, ఒకసారి మా ఆవిడ వంకా చూశాను.

"ఏంటి, ఆలోచిస్తున్నారా?" అంది.

గోడౌన్ ఆయన ఒకాయన ఉన్నాడు, మా ఆవిడకి దూరపు చుట్టం. కాపలాకి పెద్ద కుక్క కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. వెనక రేకుల షెడ్డు పక్కన గొలుసు కూడా సిద్ధం చేశాడట. దానికి మర్యాద నేర్పడమో, గోడౌన్‌కి పంపించడమో, నెలాఖరుకల్లా తేలిపోవాలని ఇంట్లో తీర్మానం జరిగింది. ముగ్గురు ఆడవాళ్లు చేతులెత్తారు. నేను కాళ్లు పట్టుకున్నంత పనిచేసి, ట్రైనర్ని పిలిపించాను.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, ట్రైనర్ల కడుపు నింపేది ఆ మానులే.

ట్రైనరంటే మీసాలూ విజిలూ ఉంటాయనుకున్నాను. వచ్చింది ఒక సన్నపాటి అమ్మాయి, గట్టిగా గాలొస్తే కిటికీ పట్టుకోవాల్సిందే. నడుముకి చిన్న సంచి, అందులో ఉడికించిన మాంసం ముక్కలు. గుమ్మంలో నిలబడి ఒక వేలు ఎత్తింది. అంతే. మా మేనేజరు కొత్తగా చేరిన గుమాస్తాలాగా కూర్చుంది!

"బాబాయ్, కుక్కలో లోపమేం లేదు. ట్రైనింగు మీకు కావాలి" అంది ఆ అమ్మాయి.

చూశారా? బడి నన్ను వదిలేసిందనుకున్నాను. ఇన్నేళ్లకి ఇంటికొచ్చి మరీ పట్టుకుంది.

పాఠం ఒక్కటే. "సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు దాని మొహం చూడకండి. పేరు పెట్టి పిలవకండి. చెయ్యి వెయ్యకండి. అది ఎగిరితే అటు తిరిగిపోండి. అది పడుకుని మెదలకుండా ఉంటే అప్పుడు ఒక ముక్క వెయ్యండి. మీరు రావడం ఒక గొప్ప విషయం కాదని దానికి అర్థం కావాలి. ఇంట్లో అందరూ అలాగే ఉండాలి బాబాయ్. అది మీ అందర్నీ చూసే నేర్చుకుంటుంది."

మీరు రావడం ఒక గొప్ప విషయం కాదు! ఎంత చక్కటి మాట! రాసి గుమ్మానికి వేలాడదీసుకోవాలి.

వెంటనే రిహార్సల్ పెట్టింది. నేను బయటికి వెళ్లి లోపలికి రావాలి, మళ్లీ వెళ్లాలి, మళ్లీ రావాలి. మొదటిసారి వచ్చాను. మా ఆవిడ ఫోన్‌లో వాళ్ల అక్కతో మాట్లాడుతోంది, తలెత్తలేదు. మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, గోడకి పాకుతున్న బల్లిని చూసినట్టైనా చూడలేదు. అత్తగారు టీవీలో వార్తలు చూస్తూ, నేను అడ్డొచ్చానని మెడ పక్కకి వంచారు.

ట్రైనరు ముచ్చటపడిపోయింది. "పిన్నీ, ఎంత బాగా చేశారు! కొన్ని ఇళ్లల్లో ఇది రావడానికి వారాలు పడుతుంది. మీకు మొదటిసారే వచ్చేసింది!"

"ఏం చేశాం?" అంది మా ఆవిడ ఫోన్ పక్కకి తీసి. "ఇంకా మొదలెట్టలేదనుకున్నానే!"

ఫెయిలైంది నేనొక్కణ్ణే. ఆ కుక్క తోక ఊపుకుంటూ వస్తుంటే చెయ్యి దానంతటదే వెళ్లిపోయేది. "తప్పు బాబాయ్" అనేది ట్రైనరు. మళ్లీ బయటికి. మెట్ల దగ్గర చెప్పుల స్టాండు వెనక నిలబడి రహస్యంగా పలకరించడానికి ప్రయత్నించాను. మా అమ్మాయి పట్టుకుంది. "నాన్నా! అదంటే అంత ప్రేముంటే దాన్ని పాడుచెయ్యకు. గోడౌన్‌కి పంపించాలనుందా?"

లేదు. అదే కదా నా తిప్పలు! అది ఇంట్లో ఉండాలంటే, నన్ను చూసి లేవకూడదు. నన్ను చూసి లేచిందా, ఇంట్లో ఉండదు. ఇలాంటి లెక్కలకి భయపడే నేను చిన్నప్పుడు బడి ఎగ్గొట్టింది.

పళ్లు బిగబట్టాను. రోజూ సాయంత్రం గుమ్మంలోకి వచ్చి, గోడకేసి తిరిగి, క్యాలెండర్ చదివాను. వెనక నుంచి రెండు కాళ్లు వీపు మీద పడేవి. మెడ మీద వేడిగా ఊపిరి తగిలేది. నేను చదువుతూనే ఉండేవాణ్ణి. కొన్నాళ్లకి వీపు మీద ఒక కాలే పడింది. తర్వాత మోచేతికి ముక్కు తగిలి ఊరుకుంది. ఆ తర్వాత దూరంగా నిలబడి కుయ్యిమని, నేనెందుకు పలకడం లేదో అర్థంకాక, అత్తగారి వంకా మా ఆవిడ వంకా అమ్మాయి వంకా చూసింది. ముగ్గురూ ఎవరి పనిలో వాళ్లున్నారు. అది ఒక్కొక్కర్నీ నిదానంగా చూసి, వెళ్లి పడుకుంది.

ఆ పూట ట్రైనరు చప్పట్లు కొట్టింది. నేను మాంసం ముక్క వేశాను. అది తింది.

నెలాఖరున పరీక్ష. మా అత్తగారు కావాలనే తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డారు. ధైర్యవంతురాలు! నేను వచ్చాను. మేనేజరు కుర్చీలోంచి ఒక కన్ను తెరిచింది. నన్ను చూసింది. చూసి, కన్ను మూసుకుంది.

"పాస్!" అంది ట్రైనరు. ఇంట్లో ఒకటే ఆనందం. మా ఆవిడ గోడౌన్ ఆయనకి ఫోన్ చేసి కుక్కని ఇవ్వడం లేదని చెప్పేసింది. కుక్క పేరు మీద ఒక సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఇప్పుడు మా ఇంటి గోడ మీద సర్టిఫికెట్ లేనిది నాకొక్కడికే.

కాబట్టి పాఠకులారా, మళ్లీ చెబుతున్నాను, పెద్ద కుక్కని పెంచండి! ఓర్పుగా నేర్పితే ఎంత మొండి జాతైనా దారికొస్తుంది. మా ఇల్లిప్పుడు ఎంత ప్రశాంతంగా ఉందో! సాయంత్రం వస్తాను. క్యారేజీ కింద పడదు. చొక్కా నలగదు. మొహం మీద దుమ్ము పొద్దున్నుంచి ఎలా ఉందో అలాగే ఉంటుంది. నిన్న ఎందుకో గుమ్మంలో నిలబడి, రెండుసార్లు దగ్గాను.

"అబ్బా, నెమ్మదిగా రండి" అంది మా ఆవిడ లోపల్నుంచి. "పాపం, అది పడుకుంది."

నిజమే. పడుకున్నవాళ్లని లేపకూడదు. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాను.

చివరగా చిన్న మనవి. క్రమశిక్షణ నేర్పే ట్రైనర్లు ఊరి నిండా ఉన్నారు. దాన్ని చెడగొట్టే ట్రైనరు మీకెవరైనా తెలిస్తే కాస్త చెప్పండి. అదే, మనిషి గుమ్మంలోకి రాగానే లేచి ఎదురొచ్చే పాడు అలవాటు నేర్పేవాళ్లు. ముందు కుక్కతో మొదలుపెట్టిస్తాను. మిగతా ముగ్గురి సంగతి తర్వాత చూద్దాం, అవి మరీ మొండి జాతులు.