రాజరత్నం పొద్దుటి బిళ్ళ

నరసరావుపేటలో పచ్చళ్ళ కొట్టు రాజరత్నానిది ఒకటే పద్ధతి. కొనేవాళ్ళ ఎదుటే వేడన్నంలో పచ్చడి కలిపి, తొలి ముద్ద తను తిన్నాకే రెండోది వాళ్ళ చేతిలో పెట్టేవాడు. ఆ ముద్దలకు కడుపు మండకుండా పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ బిళ్ళ మింగేవాడు. ఈమధ్య ఉబ్బరం, విరేచనాలు పట్టుకున్నాయి. ఇది కూడా గ్యాసే అయి ఉంటుందని తనకు తనే వైద్యం చేసుకుని, సాయంత్రం ఇంకో బిళ్ళ మొదలుపెట్టాడు. ఇంట్లో చెబితే పచ్చడి ముట్టనివ్వరు. పచ్చడి ముట్టనివాడి దగ్గర పచ్చడెవరు కొంటారు?

ఆ పొద్దున కారంపూడి నుంచి త్రికోటేశ్వరరావు వస్తున్నాడు. కూతురి పెళ్ళికి పచ్చళ్ళన్నీ ఒక్కచోటే తీసుకుంటానన్నాడు. పక్క వీధిలో వెలిసిన కొత్త కొట్టు పాత బేరాల్లో సగం లాగేసుకుంది. ఈ పెళ్ళి బేరం కుదిరితేనే రాజరత్నం గట్టెక్కేది. నాలుగు ముద్దలు తినిపించి, చప్పున ఒప్పించి పంపేద్దామనుకున్నాడు.

త్రికోటేశ్వరరావు వచ్చి కూర్చోగానే రాజరత్నం గోంగూర ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆహా!" అన్నాడు. కడుపు గుడగుడమంది. "ఇప్పుడే వస్తానండీ" అంటూ కొట్టు వెనక్కి పరుగెత్తాడు. తిరిగొచ్చి ఆవకాయ ముద్ద తిన్నాడు. మళ్ళీ పరుగు. పండుమిరప ముద్ద పూర్తిగా మింగకుండానే లేవాల్సి వచ్చింది.

త్రికోటేశ్వరరావు తన చేతిలోని ముద్దను మెల్లగా ఆకులో పెట్టేశాడు. మాగాయ కొనడానికొచ్చిన గౌసియా పక్కనే నిలబడి ఉంది.

"ఏందమ్మా ఇది? తిన్నోడు తిన్నట్టే ఉరుకుతున్నాడు?" అన్నాడామెతో.

"నాకూ అదే అనుమానంగా ఉంది బాబాయ్" అంటూనే ఆమె ఇంటికి ఫోన్ కలిపింది. "ఒరేయ్, అన్నంలో పచ్చడి కలపబాకండి!"

లోపల గడియ వేసుకుని కూర్చున్న రాజరత్నానికి బయటి మాటలన్నీ వినబడుతున్నాయి. మొదట "పచ్చడి పడలేదంట" అన్నారు. కాసేపటికి "పచ్చడి తిని పడిపోయాడంట" అన్నారు. ఇంకాసేపటికి ఎవరో "పాపం, చానా మంచోడు" అన్నారు. బయటికొచ్చి తను బతికే ఉన్నానని చెప్పాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. లేవడానికి కడుపు ఒప్పుకోవడం లేదు.

ఎట్టకేలకు బయటపడేసరికి కొట్టు ముందు జనం. బల్ల మీద తిరిగొచ్చిన పచ్చడి సీసాలు. భార్య ప్రభావతి శోకాలు పెడుతూ అప్పుడే వచ్చి, నిలబడి ఉన్న భర్తను చూసి మండిపడింది.

"ఏందయ్యా, బానే ఉన్నావా? ఆ ముక్క చెప్పొద్దూ! బజారంతా ఏడ్చుకుంటూ వచ్చా!"

ఎదురుగా మందుల కొట్టు నడిపే వేణుమాధవ్ మాత్రం ఆలస్యం చేయలేదు. వీధి చివరి డాక్టర్ ఫిలోమినాకు ఫోన్ చేసి అప్పటికప్పుడు రప్పించాడు.

"ఏం తిన్నారు?" అంది డాక్టరమ్మ. జనమంతా సీసాల వైపు చూపించారు.

రాజరత్నానికి ఏడుపొక్కటే తక్కువ. నిజం చెబితే, తన పచ్చడి తనే బిళ్ళ లేకుండా తినలేడని ఊరికి చాటినట్టు. చెప్పకపోతే పచ్చడిలోనే ఏదో ఉన్నట్టు. నాన్న పెట్టిన కొట్టు మీద మాట పడనివ్వడానికి మనసొప్పలేదు.

"పచ్చడి తప్పేం లేదు డాక్టరమ్మా. రోజూ గ్యాస్ బిళ్ళ మింగుతున్నా... తొమ్మిదేళ్ళ నించీ."

"ఎవరు రాశారు?"

"పెద్ద డాక్టరే రాశాడమ్మా. పదిహేను రోజులకి."

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. "కడుపులో ఆమ్లం ఊరికే లేదండీ. తిండితో వచ్చే క్రిముల్ని చంపేది అదే. ఏళ్ళ తరబడి ఈ బిళ్ళతో దాన్ని అణిచేస్తే పేగుల్లో ఉండకూడని క్రిములు పెరిగి ఇట్టా ఉబ్బరం, విరేచనాలు రావొచ్చు. పరీక్ష చేసి అదో కాదో తేలుద్దాం. అట్టాగని రేపే మానేయకండి, మంట ఎక్కువవుద్ది. నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఇంతకీ చీటీ లేకుండా ఇన్నేళ్ళు మీకు ఎవరిచ్చారు?"

రాజరత్నం ఎదుటి కొట్టు వైపు చూశాడు. వీధంతా అటే చూసింది.

ఇక తన పని అయిపోయిందని రాజరత్నం బల్ల పక్కనే చతికిలబడ్డాడు. అప్పుడు త్రికోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

"తొమ్మిదేళ్ళు బిళ్ళ మింగి మరీ తిన్నాడంటే ఆ పచ్చడి ఎట్టా ఉండాల! మా పిల్ల పెళ్ళికి ఇక్కడే తీసుకుంటా, పో!" అని ఆకులోని ముద్ద ఎత్తి నోట్లో వేసుకున్నాడు. ఆనక డాక్టరమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, మరి పదకొండేళ్ళయితే?"

"నాకు ఆరే" అంది వెనక నుంచి గౌసియా.

ఆ తర్వాత ఎవరూ గొంతు తగ్గించలేదు. తెచ్చిన సీసాలు మళ్ళీ చంకన పెట్టుకుని అందరూ డాక్టరమ్మ వెంట నడిచారు.

ఆమెను రప్పించింది తనేనన్న సంగతి వేణుమాధవ్ ఎవరితోనూ చెప్పుకోలేదు.