అత్తగారి రెండో సంవత్సరం

కాఫీ చల్లారేలోగా అత్తగారి పేరు కాలేజీలోంచి తీయించేసి, ఆ తర్వాత భర్తతో కలిసి కిటికీకి పసుపు రంగు కర్టెను కట్టాలని ఆ ఉదయం కొత్త కోడలు అనుకుంది. ఆ కర్టెనుని తలుచుకుంటేనే ఆమెకి ఊరికే నవ్వొస్తోంది.

అత్తగారిని ఆమె ఫోటోలోనే చూసింది. రిటైరయ్యాక ఆవిడ పట్టుబట్టి తత్వశాస్త్రం, సమాజశాస్త్రం కలిసిన డిగ్రీలో చేరారు. మొదటి ఏటి పరీక్షలు రాసి, ఫలితాలు రాకముందే పోయారు. కాలేజీకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడేమో రెండో ఏటి సబ్జెక్టులు ఎంచుకోమని ఆవిడకి ఒకటే సందేశాలు.

కోడలు ఆఫీసుకి ఫోన్ చేసింది. పక్కనే దర్జీ మామగారు ఎవరిదో ప్యాంటు అంచు కుడుతున్నారు.

"మా అత్తగారు ఇక రారండి."

"ఎందుకు రారు?" అన్నాడు గుమాస్తా.

కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆయన ముందు ఆ మాట అనడానికి కోడలికి నోరు రాలేదు. "కుదరదండి" అంది.

"అందరూ అదే అంటారు. ముందు సబ్జెక్టులు పెట్టెయ్యండి, మానే సంగతి తర్వాత. ఇవాళే ఆఖరు."

పీడ వదిలితే చాలని లాప్‌టాప్ తెరిచింది. "మావయ్యగారూ, అత్తయ్యైతే ఏవి తీసుకునేవారు?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర వైపు వంగారు. "ఇదిగో, 'న్యాయం అంటే ఏమిటి'. పెళ్ళైన దగ్గర్నుంచీ నన్నదే అడిగేది."

"సమాజశాస్త్రంలో?"

"'ఇంటి చాకిరీ' అని ఉంది చూడు. దానికీ నా దగ్గర జవాబుండేది కాదు."

రెండూ నొక్కింది. తెర మీద అభినందనలు వచ్చాయి, చదువు మానేసే మీట మాయమైంది. భర్త వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "పేరు తీయించమంటే అమ్మని పై క్లాసుకి పంపావా?"

సోమవారం మాస్టారు ఫోన్ చేసి, క్లాసుకి రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు. కావలసిందీ అదే. కోడలు హమ్మయ్య అనుకునేలోగా మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు.

"నేనెళ్ళి ఉన్నమాట చెప్పొస్తానమ్మా. అది ఫోన్లో చెప్పేది కాదు."

సాయంత్రం ఆయన చంకలో రెండు పుస్తకాలతో తిరిగొచ్చారు.

"చెప్పారా మావయ్యగారూ?"

"హాజరు వేస్తూ మీ అత్తయ్య పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచారు." ఆయన చెప్పులు విడుస్తూ ఆగిపోయారు. "ఆ పేరు అలా గాల్లో ఉండిపోతుంటే చూడలేకపోయానమ్మా. నేనే పలికాను."

"మాస్టారేమీ అనలేదా?"

"తలెత్తితే కదా."

స్టూలు మీద నిలబడి కర్టెను కడుతున్న కోడలు అక్కడే కూర్చుండిపోయింది. మర్నాడు ఆయన మళ్ళీ బయల్దేరితే ఎవరూ ఆపలేదు.

నెల తిరిగేసరికి అత్తగారి పేరిట కాలేజీ నుంచి ఇంకో సందేశం వచ్చింది. హాజరు భేషుగ్గా ఉందట, చర్చల్లో మాత్రం ఆవిడ బొత్తిగా నోరు విప్పడం లేదట.

బతికినన్నాళ్ళూ ఆవిడ మీద ఎవరూ వేయని నింద అది.