గీ పండ్లు ఎవలికి?

పొద్దున్నే ఆత్మకూర్ వెళ్లి నాలుగు పండ్లూ రెండు రకాల కూరగాయలూ కొనుక్కుని, ఎండ ముదరకముందే తిరిగొచ్చి మగ్గంలో కూర్చోవాలని వెంకటనర్సు అనుకున్నాడు. ఇంతకంటే చిన్న ఆలోచన ఏ మనిషీ చేయలేడు. అయినా దాంతోనే ఆయన కొంప మునిగింది.

ముందురోజు నేతకారుల సంఘం దగ్గర ఆరోగ్య శిబిరం పెట్టారు. పాతికేళ్లుగా గుంట మగ్గంలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న వెంకటనర్సుకు ఉన్నది ఒకటే బాధ. నలుగురిలో చెప్పుకునేది కాదు. పొద్దున్నే పాయఖానాలోకి వెళ్లినవాడు, భార్య సుభద్రమ్మ తలుపు బాదితే గాని బయటికి రాడు. డాక్టరమ్మ చెవిలో ఆ సంగతి వేయడానికే ఆయనకు చెమటలు పట్టాయి.

"రోజూ ఏం తింటవు?" అని అడిగిందామె.

"జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం, పచ్చిపులుసు."

"కూరగాయలు?"

"పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఉంటది గదమ్మా."

"పండ్లో?"

వెంకటనర్సు కాస్త నొచ్చుకున్నాడు. "నాకేం జెరమొచ్చిందని పండ్లు తింటనమ్మా?"

ఆయన తప్పేమీ లేదు. ఆ నేతకారుల వీధిలో పండ్లకు ఒక పద్ధతి ఉంది. మామిడిపండు ఎండాకాలానిది, దాన్ని ఎవరైనా తినొచ్చు. మిగతా పండ్లు దేవుడికి పోతాయి, లేదంటే దవాఖానకు పోతాయి. గట్టిగా తిరిగే మనిషి నోట్లోకి వాటికి దారి లేదు. ఎవరైనా పండ్ల సంచితో బస్సు దిగితే, సంచిలో ఏముందని అడగరు. మంచాన పడ్డది ఎవరని అడుగుతారు. డాక్టరమ్మకు ఇదంతా తెలియదు. రోజూ పండ్లూ కూరగాయలూ కడుపునిండా తిను, మందు అవసరమే లేదని పంపించింది. మందు లేని వైద్యం దొరికిందని వెంకటనర్సు రాత్రంతా సంబరపడ్డాడు, పాపం.

అదీగాక తెల్లవారేది మంచి రోజు. మాఘమాసం పెళ్లిళ్లకు పట్టంచు చీరలు నేయించడానికి చీరల వ్యాపారి గోపాల్ సేటు ఆ రోజే నిలువు పోగుల కొత్త పడుగు తెచ్చిస్తానన్నాడు. ఆ పడుగు మగ్గానికి ఎక్కితే పెళ్లిళ్ల కాలమంతా పనికి ఫికరు లేదు. ఎక్కకపోతే మగ్గం మీద మిగిలిన ఒక్క నూలు చీర కోసేసి, ఉత్త మగ్గం ముందు ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. గోపాల్ సేటు మంచివాడే గాని, ఒక దెబ్బ తిన్నవాడు. ఒకసారి ఎవరో నేతగాడు చీర సగంలో ఉండగా జబ్బుపడ్డాడు. మిగతా సగం ఇంకొకరు నేశారు. చెయ్యి మారితే పోగును బిగించే అచ్చు దెబ్బ మారుతుంది. చీర నడుమ అడ్డంగా గీత పడింది, పెళ్లికూతురి తల్లి ఆ చీరను ఆయన మొహాన కొట్టింది. అప్పటినుంచి సేటు పని ఇచ్చే ముందు మనిషి నేత కంటే మనిషి రంగు ఎక్కువ చూస్తాడు.

వెంకటనర్సు బొప్పాయి, అరటిపండ్లు, జామకాయలు, బీరకాయలు కొని బస్సెక్కాడు. పక్క సీటులో ఆ వీధి యాదమ్మ కూర్చుంది.

"గీ పండ్లు ఎవలికి, తమ్మీ?"

"నాకే అక్కా."

యాదమ్మ ఆయన్ను తల నుంచి కాళ్లదాకా చూసింది. "నీకా! డాక్టరమ్మ ఏమన్నది?"

"ఏమంటది? రోజూ తినుమన్నది."

"ఎన్ని దినాలు?"

"ఇగ బతికినన్ని దినాలు."

యాదమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరు వచ్చేదాకా ఆ సంచి వైపే చూసింది. ఆ చూపు చూసైనా వెంకటనర్సు భయపడాల్సింది.

ఇంటికొచ్చి, బీరకాయ కూర కారం తగ్గించి వండమన్నాడు. సుభద్రమ్మ చేతిలోని గరిటె అట్లాగే ఆగిపోయింది.

"ఇన్నేండ్ల సంది నా చేతి కారం తిని, ఇయ్యాల కారం వద్దంటున్నవా? నా వంట మంచిగలేదా?"

"మంచిగనే ఉన్నది. ఒంటికి మంచిదని అడిగిన."

"ఒంటికి ఏమైంది మరి? నాకు చెప్పకుంట ఏం దాస్తున్నవు?"

ఆయన అసలు సంగతి చెప్పబోయేసరికి గుమ్మంలో యాదమ్మ ప్రత్యక్షమైంది. పొయ్యి మీద బీరకాయ చూసింది. పక్కన మూత తీయని కారం డబ్బా చూసింది. బీరకాయ కూర, అదీ కారం లేకుండా, ఆ ఊళ్లో బాలింతకు పెడతారు, లేదా ఇక ఏం తిన్నా ఫలితం లేనివాడికి పెడతారు. వెంకటనర్సు బాలింత కాడు.

"పత్తెం గూడ మొదలువెట్టిన్రా, మరదలా?" అని యాదమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇంకేముంది, వరస మొదలైంది. వీధి చివర ముసలి బుచ్చయ్య అందరికంటే ముందు అరడజను అరటిపండ్లతో వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"మా మేనమామ గూడ గిట్లనే నవ్వుకుంట పండ్లు తిన్నడు బిడ్డా. మూడోనాడు పాయె."

"నాకేం కాలేదు మామా. నేను మంచిగున్న."

"ఆయన గూడ గదే అన్నడు."

బుచ్చయ్య ఒక పండు ఒలిచి తన చేత్తో వెంకటనర్సు నోట్లో పెట్టాడు. వచ్చినవాళ్లంతా అంతే. తెచ్చింది కళ్లముందు తింటే గాని కదలరు. తినకపోతే 'అన్నం సైస్తలేదు' అంటారు, తింటే 'ఎంత ఆశతోని తింటుండో పాపం' అంటారు. మధ్యాహ్నానికి వెంకటనర్సు కడుపులో ద్రాక్షలూ దానిమ్మలూ అరటిపండ్లూ ఒకదాన్నొకటి తోసుకోసాగాయి. ఇంట్లో కాలు పెట్టే జాగా లేకుండా పండ్ల సంచులు పేరుకున్నాయి. తలా ఒక రోగం పేరు చెప్పారు. అన్నీ పెద్ద రోగాలే. చిన్న రోగాన్ని ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు మగ్గంతో వచ్చింది. ఆ వీధిలో ఎవరి ఇంట్లో ఏం జరుగుతుందో మగ్గం చప్పుడే చెబుతుంది. ఎప్పుడూ ఆగని వెంకటనర్సు మగ్గం ఆ పూట మూగబోయిందని జనం వస్తున్నారు. జనం వస్తున్నారని ఆయన మగ్గంలోకి దిగలేకపోతున్నాడు. నూలు చిక్కైతే ఎక్కడ విప్పాలో ఆయనకు తెలుసు, ఈ చిక్కుకు కొస దొరకలేదు.

పొద్దు వాలుతుండగా ఇంటి ముందు ఆటో ఆగింది. గోపాల్ సేటు ఆపిల్ పండ్ల సంచితో దిగాడు. ఆపిల్ పండ్లు చూడగానే సేటు దాకా వార్త పోయిందని వెంకటనర్సుకు అర్థమైంది. తాను అనుకున్న పడుగు ఆటోలోనే ఉంది, తెల్లగా, చుట్టచుట్టుకుని. సేటు దాన్ని దింపలేదు.

"ఎట్లున్నవు నర్సన్నా?"

"దుక్క లెక్క గట్టిగున్న సేటూ. పడుగు దింపుమను."

"తొందరేమున్నది? పానం కంటె పని ఎక్కువనా? జర రెస్టు తీసుకో."

ఆ మాటతో వెంకటనర్సుకు తెగింపు వచ్చింది. జనాన్ని తోసుకుని మగ్గంలోకి దూకాడు. అడ్డపోగు నేసే నాడె విసిరాడు, అచ్చు గుద్దాడు. ధడ్ ధడ్‌మని మగ్గం మోగేసరికి వీధంతా ఉలిక్కిపడింది. సేటు మొహం కొంచెం విప్పారింది, ఆటో అబ్బాయికి సైగ చేయబోయాడు కూడా. సరిగ్గా అప్పుడే, పొద్దుటి నుంచి లోపల తోసుకుంటున్న పండ్లన్నీ ఒక్కసారి ఒక నిర్ణయానికి వచ్చాయి. వెంకటనర్సు నాడె వదిలేసి, కడుపు పట్టుకుని, సేటును రాసుకుంటూ పెరట్లోకి పరుగెత్తాడు. ఏళ్ల తరబడి ఏ సుఖం కోసం కలలు కన్నాడో ఆ సుఖం ఆయనకు ఆ క్షణంలోనే దక్కింది. దాన్ని ఆయన ఏడుస్తూ అనుభవించాడు.

తిరిగి వచ్చేసరికి సేటు లేడు. ఆటో వెళ్లి రెండిళ్లవతల ఇంకో నేతగాడు వెంకన్న ఇంటి ముందు ఆగింది. పడుగు దించుతున్నారు.

వెంకటనర్సు గడపలో కూలబడ్డాడు. ఏడ్వడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు. ఒక్క పూట పండ్లు తిన్నందుకు పెళ్లిళ్ల కాలం పోయింది. తాగలేదు, ఆడలేదు, ఎవరి జోలికీ పోలేదు. బొప్పాయి కొన్నాడు. ఇంతమాత్రానికి ఇంత శిక్షా అని ఎవర్ని అడగాలో కూడా ఆయనకు అర్థం కాలేదు.

పొద్దుగూకే వేళకు నందికొండ నుంచి అక్క గుర్వమ్మ దిగింది, వీధి మొగదల నుంచే శోకం తీస్తూ. చంకలో బత్తాయి పండ్ల మూట. తమ్ముడు గడపలో కూర్చుని ఉండటం చూసి ఏడుపు ఆపింది.

"లేచి కూసున్నవా తమ్మీ? పండుకున్నవన్నరు గద!"

"పండుకోలేదు అక్కా. పండ్లు తిన్న."

"గంతేనా?"

"గంతే."

ఆమె మూట కింద పెట్టి, కబురు పంపి అంత దూరం ఊరికే ఏడ్పించిందని యాదమ్మను పట్టుకుని తిట్టింది. ఏది ఏమైనా ఆడబిడ్డ ఇంటికొచ్చింది. పచ్చిపులుసు పెట్టి పంపితే సుభద్రమ్మ పరువు ఉండదు. మటన్ తెచ్చి, పొద్దున వేయని కారమంతా కలిపి అందులోనే వేసింది. ఇల్లంతా జనం, పండ్లు. కూర్చోవడానికి చోటు లేక వెంకటనర్సు పళ్లెం పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు.

"ఇంకింత కూర పొయ్యి. సస్తే తినే సస్త," అన్నాడు.

జొన్నరొట్టె మీద రొట్టె, తునక మీద తునక, ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ, బొక్క చీకుతూ తిన్నాడు. అది ఆకలి కాదు, బతుకు మీద కసి. కానీ వీధి దాన్ని వేరే తీరుగా చూసింది. కాసేపటికి ఎదురింటి అరుగుల నిండా జనం.

"బొక్క గూడ వదుల్తలేడు," అన్నాడు బుచ్చయ్య నిరాశగా. "వీనికేం రోగం లేదు."

మటన్ బొక్కల సంగతి రాత్రికే చెవిన పడి, మర్నాడు పొద్దున గోపాల్ సేటు నడుచుకుంటూనే వచ్చాడు. వెంకన్న ఇంకా పడుగు పోగులు తన మగ్గానికి అతకలేదు, తనకు చేతినిండా పని ఉందని పడుగు వాపసు ఇస్తానన్నాడు. అదీగాక పట్టంచు వెంకటనర్సు నేసినట్టు ఇంకొకరు నేయలేరని సేటుకూ తెలుసు.

"పడుగు ఇస్త నర్సన్నా. కని ఒక్క మాట. మాఘం ఎల్లేదాంక పండ్లు ముట్టొద్దు. నీ వాకిట్ల అరటితొక్క కనవడ్డా పడుగు కోసుకపోత."

"కూరగాయలో, సేటూ?"

"బీరకాయ అసలే వద్దు."

వెంకటనర్సు ఇంట్లో పేరుకున్న పండ్ల వైపు చూశాడు. మగ్గం వైపు చూశాడు. సేటు చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు.

ఆ వీధిలో కల్లు తాగేవాళ్లు అరుగు మీద కూర్చుని అందరిముందే తాగుతారు, వెంకటనర్సు జామకాయ తినాలంటే మాత్రం లోపల గడియ పెట్టుకుంటాడు.