తిమ్మరాజు ఉలవల పట్టు

హిందూపురంలో మోటార్లకు కాయిల్ చుట్టే తిమ్మరాజు ఆ సోమవారం పొద్దున్నే ఇంట్లో అన్నం బంద్ అని ప్రకటించాడు. రాగి ముద్ద, ఉలవ గుగ్గిళ్లు తిని మూడు నెలల్లో ఆయన తొమ్మిది కిలోలు తగ్గాడు. షుగర్ కూడా దారికొచ్చింది. తనకు జరిగిన మేలు ఇంటిల్లిపాదికీ జరగాలన్నది ఆయన నిశ్చయం.

"అన్ని మోటార్లకూ ఒకే సైజు వైరు చుడతావా?" అని అడిగింది భార్య మునియమ్మ. గుప్పెడు ఉలవలు తిన్నా ఆమెకు గుండెల్లో మంట.

"మోటార్లు వేరే, మనుషులు వేరే. అందరి కడుపూ ఒకటే."

"నాకు పండ్లే లేవు గదరా, యాడ నమిలేది?" అంది తల్లి నరసమ్మ. తిమ్మరాజు ఉలవలు మిక్సీలో వేసి తెచ్చాడు.

బుధవారానికల్లా మునియమ్మ మజ్జిగ మీద బతుకుతోంది. నరసమ్మ పక్కింట్లో అన్నం తిని వస్తోంది. ఇద్దరూ గొణగడం మానేశారు కాబట్టి పథ్యం బాగా పడిందని తిమ్మరాజు తేల్చుకున్నాడు.

ఆ సాయంత్రం మునియమ్మ తమ్ముడు చెన్నప్ప వచ్చాడు. ధర్మవరంలో మగ్గం నేసే సన్నటి మనిషి. ఎవరిదో పెళ్లి చీరకు హిందూపురంలో పట్టు దారం కొనుక్కున్నాడు. మర్నాడే నేత మొదలుపెట్టకపోతే చీర ముహూర్తానికి అందదు. పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే తిమ్మరాజు గిన్నెడు గుగ్గిళ్లు ముందు పెట్టాడు.

"నాకు అలవాటు లేదు బావా."

"తినప్పా, ఉక్కు మాదిరి అయితావు."

చెన్నప్ప మొహమాటానికి గిన్నె ఖాళీ చేశాడు. తొమ్మిది గంటలకు తిమ్మరాజు షుగర్ మాత్ర మింగి ముద్ద ముందు కూర్చున్నాడో లేదో, ఫోన్ మోగింది.

"బావా, పెనుకొండ బస్టాండులో ఉండా! కడుపులో గుడగుడమంటే దిగి పరిగెత్తినా. వచ్చేసరికి బస్సు పోయినాది. దారం సంచి దాంట్లోనే ఉండాది!"

తిమ్మరాజు ముద్ద వదిలేసి బైకు తీశాడు. పెనుకొండలో బావమరిదిని ఎక్కించుకుని, దారిలో అతని కోసం రెండుసార్లు ఆపి, మధ్యాహ్నానికి ధర్మవరం బస్టాండు చేరాడు. కండక్టరు అప్పజెప్పిన సంచి బస్టాండు కంట్రోలర్ గదిలో భద్రంగా ఉంది. సంతకం పెట్టి తీసుకోమన్నారు. చెన్నప్ప అప్పటికే మళ్లీ మరుగుదొడ్డి వైపు పరిగెత్తాడు కాబట్టి తిమ్మరాజే పెన్ను అందుకున్నాడు. ఒళ్లంతా చెమట. చెయ్యి వణికింది. సంతకం కాగితం దాటి బల్ల మీదికి పాకింది.

కంట్రోలర్ సంచిని వెనక్కి లాక్కున్నాడు. "ఏమబ్బా, పట్టపగలే తాగొచ్చినావా?"

"నేనా? నేను టీలో చక్కెర గూడా..." నాలుక తిరగలేదు. కంట్రోలర్‌కు ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది.

అప్పుడే వచ్చిన చెన్నప్ప బావ ముఖం చూశాడు.

"మాత్ర మింగి, తినకుండానే వచ్చినావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా నాలుగు చెంచాల చక్కెర వేయించిన టీ తెచ్చాడు. తిమ్మరాజు పెదవులు బిగించాడు.

"చక్కెర ముట్టను!"

"తాగుడు గాదు సార్, షుగర్ పడిపోయినాది. కొంచెం పట్టుకోండి!"

కంట్రోలర్ భుజాలు పట్టుకున్నాడు, చెన్నప్ప గుటక గుటకగా తాగించాడు. పావుగంట తర్వాత తిమ్మరాజు గీత తప్పకుండా సంతకం పెట్టాడు. దారం మగ్గానికి చేరింది.

మర్నాడు హిందూపురం డాక్టరు తల పట్టుకున్నాడు. "అంత బరువు తగ్గినాక పాత డోసే మింగితే ఎట్లప్పా? పైగా పస్తు. ఈ తిండి నీ ఒంటికి మంచిదే, మాత్ర తగ్గించాల, అంతే. మీ ఇంటామెకు మంట, మీ అమ్మకు పండ్లూ లేవు, అరుగుదలా లేదు. వాళ్లకు అదే పెడితే ఎట్ల పడుతుంది?"

"అయితే ఎవురికి పడేది వాళ్లకు వండాల్నా సార్?"

"వండాల."

తిమ్మరాజు ఇంటికి వచ్చి కొత్త నిశ్చయం ప్రకటించాడు: తనకు ముద్ద, భార్యకు కారం లేని కూర, తల్లికి మెత్తటి పప్పన్నం.

"మంచిదే," అంది మునియమ్మ. "మూడు వంటలు ఎవురు చేసేది?"

తిమ్మరాజు పట్టిన పట్టు వదిలే మనిషి కాడు. ఇప్పుడు ఆయన మోటార్ల అంగడి పదకొండింటికి గానీ తెరుచుకోవడం లేదు.