హాల్లో ఒక లూయిస్ గన్

పాఠకులారా, ప్రతి ఇంటి హాల్లోనూ ఒక పాతకాలపు విమానం మెషిన్ గన్ ఉండి తీరాలి! ఫ్రిజ్ లేకపోయినా రోజులు గడుస్తాయి. సోఫా అసలే అక్కర్లేదు.

నవ్వకండి. మా చిక్కడపల్లి అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ధర్మారావు గారి ఇల్లు చూసే చెబుతున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో, గుడ్డ రెక్కల విమానాల మీద బిగించిన లూయిస్ గన్‌ల వంటి తుపాకులను ఆయన వేలంపాటల్లో వెతికి తెస్తారు. గొట్టాలు పూడ్చేసినవే, పోలీసుల అనుమతి ఉన్నవే. పేలవు. పేలేదల్లా వాటి గురించి ఆయన ఇచ్చే ఉపన్యాసం.

దానివల్ల ఎన్ని లాభాలు! చుట్టాలు కాఫీ తాగగానే లేస్తారు. కూర్చోవడానికి కుర్చీ ఉంటే కదా! చందాలవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. అశోక్‌నగర్ కోచింగ్ కుర్రాళ్లు జనరల్ నాలెడ్జ్ కోసమని వచ్చి, సాయంత్రం దాకా విని, ఇది సిలబస్‌లో లేదని తెలుసుకుని వెళ్లారు. అదీ నాలెడ్జే. ఇక తువ్వాళ్లు ఆరేయడానికి తుపాకి గొట్టాన్ని మించిన దండెం ఉందా?

ఆయన భార్య విజయశ్రీకి కలిగిన మేలు ఇంకా పెద్దది. సోఫా బాల్కనీకి పోయాక ఆమె వంటింటి గడప మీద కూర్చుని టీ తాగుతోంది. మోకాళ్లకు ఎంత వ్యాయామం!

సద్దుల బతుకమ్మకు పూలు పేర్చుకోవడానికి హాల్లో చాపంత జాగా కావాలని ఆమె ముందే అడిగింది. ఏటా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందరూ అక్కడే చేరేవారు. తుపాకులను కదిపితే గురి చెడుతుందన్నారు ధర్మారావు గారు. పూడ్చిన గొట్టానికి గురి!

పండుగ పొద్దున నారాయణగూడ మార్కెట్ నుంచి గునుగు, తంగేడు పూలు వచ్చాయి. ఇత్తడి తాంబాళం మాత్రం తుపాకుల పెట్టెల వెనక ఎక్కడో చిక్కుకుంది. విజయశ్రీ వెతుకుతూనే ఉంది. ఈలోగా అత్తగారు కమలవ్వ, చూపు మందగించిన మనిషి, గోడవారగా ఉన్న గుండ్రటి ఇనప పళ్లెం అందుకుని వంటింట్లో కూర్చుని పూలు పేర్చడం మొదలుపెట్టింది.

"గింత గట్టి తాంబాళం ఈడనే ఉండంగ ఏం దేవులాడుతున్నవే?"

అది లూయిస్ గన్ నెత్తిన బిగించే తూటాల డ్రమ్ము. విజయశ్రీ చూసింది. గుర్తుపట్టింది. పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పూల మీద పెట్టింది.

సాయంత్రం ధర్మారావు గారు డ్రమ్ము కోసం ఇల్లంతా గాలించి సెల్లార్‌లోకి దిగారు. అక్కడ ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడుతున్నారు. తంగేడు పూల కింద నుంచి ఇనుము తొంగిచూస్తోంది.

"అవ్వా, గది నా గన్‌ది."

"గౌరమ్మ కూసున్నంక ఎవ్వలదైతేంది? ఆడోళ్లు ఆడంగ నడుమకు రాకు బిడ్డా," అంది కమలవ్వ, చప్పట్లు ఆపకుండానే.

ప్రపంచ యుద్ధం మీద పూటంతా మాట్లాడగల మనిషి స్కూటర్ల పక్కకు జరిగి పాటలు వింటూ నిలబడ్డారు. పాట తర్వాత పాట. తర్వాత హుస్సేన్‌సాగర్ దాకా ఆడవాళ్ల వెనకే నడిచారు, చంకలో తువ్వాలు, చేతిలో మెషిన్ ఆయిల్ సీసా. తడి తగిలితే తుప్పు పట్టదూ?

పూలు నీళ్లలోకి వెళ్లాయి. డ్రమ్ము ఆయన ఒళ్లోకి వచ్చింది. పసిబిడ్డకు తల తుడిచినట్టు తుడుస్తుంటే విజయశ్రీ ఆయన చేతిలో ఇంత సత్తుపిండి పెట్టింది.

"గా తుపాకులు జర గోడకు జరపండి. లేకుంటే వచ్చే ఏడు కూడా మాకు మీ డ్రమ్మే దిక్కయితది. ఇంకోటి కూడా ఉన్నది గద మీ తాన," అంది నెమ్మదిగా.

మర్నాడు హాల్లో చాపంత నేల కనిపించింది. గురి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ తుపాకి యుద్ధంలో ఎన్ని విమానాలను కూల్చిందో ధర్మారావు గారికే తెలియదు. ఇక్కడ మాత్రం ఒక ఆడమనిషికి ఆమె సొంత ఇంట్లోనే చాపంత చోటు గెలిచి పెట్టింది. మీ ఇంట్లో ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చోవడానికి ఇంత పెద్ద ఆయుధం అక్కర్లేదంటారా? అయితే కొనకండి.

కానీ ఆ మాట మీరు చెబితే కాదు. గడప దగ్గరికి వెళ్లి ఆవిణ్ని అడిగి రండి.