రావులెవరూ రాలేదు

"సాయంత్రం ప్రార్థనకి ఎవులూ రాకపోతే ఏటి సెయ్యాలే? ఇంత అన్నం వండుకుని ఇద్దరం గోడలకేసి సూసుకుంటా కూకోవాలా?"

అంతోనమ్మ వంటింట్లోంచి అడిగింది. ముందుగదిలో కూతురు షైనీ హెడ్‌సెట్టు పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటోంది. మనిషి అనకాపల్లిలోనే ఉంటుంది, మాటలు మాత్రం హైదరాబాదు వెళ్ళిపోతాయి. అంతోనమ్మ భర్త వరప్రసాదరావు పోయి నేటికి ఏడాది. ఏడాదిగా అంతోనమ్మ భయాలన్నీ ఆ హెడ్‌సెట్టుకే తగిలి వెనక్కి వస్తున్నాయి.

చివరికి షైనీ ఒక చెవి ఖాళీ చేసింది. "నీ ఫోన్ ఇలాగియ్యమ్మా, అందరికీ ఒకేసారి మెసేజ్ పెట్టేత్తాను. ఇదేటి? సుప్రియ, సుప్రియ టైలరు, సుప్రియ కొత్త నంబరు!"

"ఒకటి పోతే ఇంకోటుంటాదని."

"ఆఫీసులో నా పని ఇదే. పొడుగు పేరులో పొట్టి పేరు దాగుంటే పొడుగుది తీసెయ్యడం."

"లక్షల పేర్లంటావు కదే. ఒక్కోటీ మిగతావాటితో సరిసూత్తే తెల్లారిపోదా?"

"అలా చూడం. పొట్టి పేర్లన్నీ కలిపి ముందే ఒక జల్లెడ అల్లేత్తాం. పొడుగు పేరు అందులోంచి ఒక్కసారి జారితే చాలు, లోపలున్న పొట్టిది పట్టుబడిపోద్ది."

అదే జల్లెడ తల్లి ఫోన్లో పెట్టి నొక్కింది. మిగిలిన పేర్లకి మెసేజ్ వెళ్ళిపోయింది: 'సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన, భోజనాలు. తప్పక రండి. అంతోనమ్మ.' షైనీ రెండో చెవీ మూసేసుకుంది.

మధ్యాహ్నం నాలుగవుతుండగా గ్యాసు రావు సిలిండరు భుజాన వేసుకుని దిగాడు. "భోజనాలన్నారు కదమ్మా, ఉన్నది సాలదేమోనని." వెనకాలే మాంసం కొట్టు రాజు సంచితో వచ్చాడు. ఆటో అతను గుమ్మంలో హారన్ కొట్టి, "ఎవుల్ని తేవాలమ్మా?" అన్నాడు.

వంటకి కావలసినవన్నీ వచ్చాయి. తినేవాళ్ళే రాలేదు.

అంతోనమ్మ ఫోన్ తెరిచి చూసుకుంది. గ్యాసు అతన్ని ఉత్త 'రావు' అని రాసుకున్న పాపానికి మరిది త్రినాధరావుతో సహా రావులంతా ఫోన్లోంచి పోయారు. మాంసం 'రాజు' ధర్మమా అని ఫాదర్ జోసఫ్ రాజుగారు పోయారు. 'ఆటో' అన్న ముక్క మిగిలి, పేర్లున్న ఆటోవాళ్ళందరూ పోయారు.

"ఓలమ్మో, మీ నాన్న నంబరూ పోయిందే!"

"నాన్న ఫోన్ బీరువాలో ఉంది కదమ్మా. ఎవరెత్తుతారు?"

"ఎత్తకపోయినా మోగేదే."

షైనీ హెడ్‌సెట్టు మొత్తంగా తీసి బల్ల మీద పెట్టింది. "పేర్లన్నీ వెనక్కి తెచ్చేత్తానమ్మా. ఏడవకు."

"ఇప్పుడు పిలిత్తే ఎవులొత్తారే? పొద్దు వాలిపోతంది."

అప్పుడు ఫోన్ మోగింది. 'అక్క' అని కనబడింది. మాడుగులలో ఉండే సొంత అక్క. వరప్రసాదరావు పోయిన రోజున ఆమె ఆలస్యంగా వచ్చిందని అంతోనమ్మ అందరి ముందూ ఒక మాట అంది. ఆనాటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. పేరు మరీ పొట్టిది కాబట్టి జల్లెడ దాన్ని ముట్టుకోలేదు.

అంతోనమ్మ ఫోన్ ఎత్తింది. పొరపాటున వెళ్ళిందని చెబితే? అక్క పెట్టేస్తే?

"అక్కా," అంది. "ఆ మెసేజు... నేనే పంపేను. వత్తావా?"

అవతల ఏదో బండి రొద. షైనీ తల్లి పక్కకి వచ్చి నిలబడింది. సిలిండరు దింపిన రావు కూడా కదలలేదు.

ఆ రొదలోంచి అక్క గొంతు వినబడింది.

"మళ్ళా లేటంటావని అప్పుడే బస్సెక్కీసేను. హల్వా కేజీ సరిపోద్దా?"