మీట నొక్కే మర్యాద

కీబోర్డు తుడవడం నేరమని మొన్న శుక్రవారం దాకా నాకు తెలియదు.

ఒక ముఖ్యమైన మాట చెబుదామని మా వారు శ్యామ్ బాబు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన టిఫిను చేసి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. కీబోర్డు మీద ఎఫ్-త్రీ అనే మీటకి అట్టుముక్క ఎండి అతుక్కుని ఉంది. కంట పడ్డాక ఊరుకోవడం నాకు చేతకాదు. తడిగుడ్డతో తుడిచాను.

"ఎవరు నొక్కేరిది?" వెనక నుంచి కేక.

"నొక్కలేదండీ, తుడిచేను."

"తుడిస్తే నొక్కినట్టే! తెర వెనక్కి పోయింది. మళ్ళీ మొదట్నుంచీ రావాలి."

"ఆ అట్టు తిన్నది మీరేనండి."

"ఏరా, మరక తుడిచినా తప్పేనా?" అని వంటింట్లోంచి మా అత్తగారు రాహేలు గారు.

"నీకు తెలీదులే అమ్మా!"

"తెలీదు గానీ, అట్టు మాత్రం నేనే పోసేను."

గొడవ ఇంతే. నేను చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. అయినా సరే, నేను మా వారి పక్షమే! భర్త ఇంట్లోంచి ఉద్యోగం చేస్తున్నాడని విసుక్కునే ఆడవాళ్ళందరికీ నాదొకటే మనవి. ప్రతి ఇంటికీ ఒక మెయిన్‌ఫ్రేమ్ ఉండాలి!

మెయిన్‌ఫ్రేమ్ అంటే పెద్ద పెద్ద కంపెనీల లెక్కలు మోసే పాతకాలపు కంప్యూటరు. మా వారు కొలిచేది సముద్రాల అవతల ఒక బీమా కంపెనీలో ఉంది. దాన్ని మార్చే ధైర్యం ఎవరికీ లేదు. దానికి మౌస్ తెలియదు, బొమ్మలు తెలియవు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. పూర్వం మనుషులు దాని ముందు కూర్చుని రోజంతా మీటలు నొక్కేవారట. ఇప్పుడు మా వారు రాసే ప్రోగ్రాం, అచ్చం మనిషి నొక్కినట్టే, ఆ మీటలన్నీ పంపిస్తుంది. ఇవతల మనిషి లేడన్న సంగతి అవతలి దానికి తెలియదు. అంటే కొత్త యంత్రం పాత యంత్రం ముందు మనిషి వేషం కడుతుందన్నమాట. ఇంజనీరింగు చదువు వృథా పోయిందని ఎవరనగలరు?

ఇక ఆ మర్యాద చూడాలి! ఒక మీట పంపాక అవతలి తెర వచ్చేదాకా రెండోది పంపకూడదు. తెర అడుగున గడియారం గుర్తు ఉన్నంతసేపూ ఏం నొక్కినా లోపలికి పోదు. కాబట్టి ప్రోగ్రాం చేతులు కట్టుకుని నిలబడుతుంది. జవాబు వచ్చిందా? సరైన తెరేనా? అయితే అప్పుడు ఇంకో మీట. మా కోనసీమలో కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదు!

ఈ మర్యాద ఇప్పుడు మా ఇల్లంతా పాకింది. చేపలమ్మే అమ్మాజీ వీధిలో కేక వెయ్యడం మానేసి, వెనక గుమ్మంలో నిలబడి ఏ చేపో మూతితోనూ, ఎంతుందో మోచేత్తోనూ చూపిస్తోంది. సాయంత్రం ప్రార్థనలో అత్తగారు పెదవులు మాత్రమే కదిపి పాట పాడుతున్నారు. "దేవుడికి వినపడుద్దిలే అమ్మాయ్, ఆళ్ళ మీటింగుకి వినపడకూడదు" అన్నారు. చప్పుడవుతుందని కొబ్బరి దింపు కూడా వాయిదా వేశాం. ముదిరిన కాయలు వాటంతటవే పడుతున్నాయి. వాటికి మీటింగుల సంగతి ఎవరు చెప్పగలరు?

అందరికన్నా బాగుపడింది నేను. నా నోట్లో ఆగిపోయిన మాట ఏమిటంటే, రాజోలులో చిన్న బడి నడిపే ప్రసన్నకుమారి గారు నన్ను లెక్కల టీచరుగా రమ్మన్నారు. బీఎస్సీ చదివి, ఇన్నేళ్ళూ ఎసరు కొలతలకే లెక్కలు వాడుకున్న దాన్ని. ఆదివారం లోపు మాట చెప్పకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానన్నారు. సంగతి మా వారి చెవిన వేద్దామని వారమంతా ప్రయత్నించాను. కాఫీ ఇస్తూ మొదలుపెడితే, "ఉండు, తెర రాలేదు" అన్నారు. అన్నం వడ్డిస్తూ మొదలుపెడితే, "ఒక్క నిమిషం" అన్నారు. శుక్రవారం సంగతి మీకు తెలిసిందే. నాకు కోపం వచ్చిందనుకుంటున్నారా? ఛ! ఎన్నడూ చూడని యంత్రం జవాబు కోసం అంత ఓపిగ్గా కాచుకునే మనిషి భర్తగా దొరకడం ఎంత అదృష్టం!

శనివారం సాయంత్రం ఆయన కాస్త తీరిగ్గా కనిపించారు. అసలు మాట ఎత్తేలోపు మళ్ళీ తెర ఎక్కడ వచ్చిపడుతుందోనని, ముందు ఆయనకిష్టమైన కబురే ఎత్తాను.

"అది కాదండీ, అవతల్నుంచి ఎంతకీ జవాబు రాకపోతే మీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

ఆయన మొహం వెలిగిపోయింది. "మంచి ప్రశ్నడిగేవు! గడువు పెడతాం. అంతవరకూ చూస్తుంది. అప్పటికీ రాకపోతే దాని దారిన అది తర్వాతి పనికి పోద్ది. ఊరికే కూర్చుంటే పనవుద్దా?"

పెళ్ళయ్యాక ఆయన నాకు చెప్పిన వాటిలో ఇంత పనికొచ్చే మాట ఇంకోటి లేదు. ఏదో కొత్త తెర వచ్చి ఆయన అటు తిరిగిపోయారు. నేను పెరట్లోకి వెళ్ళి ఫోను అందుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అందరం భోజనాలకి కూర్చున్నాం. చేపల పులుసు వడ్డించి, నేనూ కూర్చుని చెప్పాను.

"రేపట్నుంచి రాజోలు బడికి వెళ్తున్నానండి. లెక్కలు చెప్పడానికి. ప్రసన్నకుమారి గారికి మాటిచ్చేశాను."

మా వారి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "నాకు చెప్పనేలేదు!"

"వారమంతా చెప్తూనే ఉందిరా," అన్నారు అత్తగారు, ముల్లు తీసుకుంటూ. "నేను విన్నాను. ఎన్నింటికమ్మా బస్సు?"

"ఎనిమిదింటికండి, అత్తయ్యగారూ."

"ఆయ్. నాకు పొద్దున్న చద్దన్నం చాలు. నా గురించి చూసుకోకు."

మా వారు ఇంకొంచెం పులుసు కలుపుకున్నారు. నా వంక చూశారు. నేను ముద్ద మింగేదాకా ఆగి, ఎంతో మర్యాదగా అడిగారు:

"మనింట్లో బియ్యం ఎక్కడుంటాయి?"